ఊనో, దోస్, త్రేస్: ఆ పాటల వెనక కథ



చిన్నపిల్లలకి పాటలతో, కథలతో నాలుగు స్పానిష్ మాటలు ఎలా నేర్పించవచ్చో ఓ పావుగంట చెప్పమని నన్ను పిలిచారు. మనవాళ్ళ ఇళ్ళల్లో ఈ ప్రశ్న ఇప్పుడు తరచుగానే వస్తోంది. ఉన్నది టెక్సాస్‌లో. పక్కింటివాళ్ళు మాట్లాడేది స్పానిష్, బళ్ళో మన పిల్ల పక్కన కూర్చునే పిల్ల మాట్లాడేది స్పానిష్. రేపు డాక్టరైనా ప్లీడరైనా పనికొస్తుందని తల్లిదండ్రుల ఆశ. నేను టీచర్ని కాను. హ్యూస్టన్ దగ్గర ఒక లైబ్రరీలో పిల్లల విభాగంలో చాలా ఏళ్ళు పనిచేశాను. శనివారం పొద్దున్నే చాప పరిచి పిల్లలకి కథలు చెప్పించడం నా ఉద్యోగంలో భాగం. అందుకని ఎలా నేర్పాలో చెబుతాను గానీ, అది దారిలో వస్తుంది. ముందు ఈ పాటలూ కథలూ అమెరికా బళ్ళల్లోకి ఎలా వచ్చాయో చెప్పనివ్వండి. అది తెలిశాక నా మటుకు నాకు ఆ పాటలు వేరేగా వినపడ్డాయి.

1991లో మా పెద్దవాడు కిండర్‌గార్టెన్‌లో చేరాడు. నెల తిరక్కుండానే వాళ్ళ టీచరు మమ్మల్ని పిలిచి, ఇంట్లో మీ భాష మానేసి ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే పిల్లాడు వెనకబడతాడు అంది. మంచి మనిషి. వాడి మేలు కోరే చెప్పింది. మేం భయపడ్డాం. ఆ సాయంత్రం నుంచే మా ఇంట్లో అన్నం పెట్టేటప్పుడు కూడా ఇంగ్లీషు మొదలైంది. రాత్రి పడుకోబెట్టేటప్పుడు చెప్పే కథలు ఆగిపోయాయి, ఎందుకంటే ఆ కథలు నాకు ఇంగ్లీషులో చెప్పడం రాదు. మరుసటి వేసవి సెలవులకి ఇండియా వెళితే వాడు మా అమ్మతో మాట్లాడలేకపోయాడు. ఒక భాష రావడానికి ఏళ్ళు పడుతుందని అందరూ చెబుతారు. పోవడానికి ఎన్ని నెలలు చాలో ఎవరూ చెప్పరు.

మా అమ్మాయి బడికి వచ్చేసరికి 1997. వాళ్ళ బళ్ళో వారానికి రెండు రోజులు ఒక పెద్దావిడ వచ్చి స్పానిష్ పాటలు నేర్పేది. దక్షిణ టెక్సాస్‌లో పుట్టి పెరిగిన మనిషి, వాళ్ళ తాతముత్తాతలదీ అదే నేల. ఒకసారి పుస్తకాల కోసం లైబ్రరీకి వస్తే మాటల్లో అంది: "మీ అమ్మాయి వయసులో ఈ పాటే బడి ఆవరణలో పాడినందుకు నా అరచేతుల మీద స్కేలు విరిగింది. ఇప్పుడు అదే పాట పాడించినందుకు నాకు జీతం ఇస్తున్నారు." నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా వాడి సంగతి గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి లైబ్రరీలో ఖాళీ దొరికినప్పుడల్లా ఈ చరిత్ర వెతుక్కుంటూ చదివాను.

స్పానిష్ టెక్సాస్‌కి బయటి నుంచి వచ్చిన భాష కాదు. శాన్ ఆంటోనియో ఊరు 1718లో స్పెయిన్ వాళ్ళు కట్టుకున్నది. 1836 దాకా ఈ నేల మెక్సికోలో భాగం. ఇంగ్లీషు తర్వాత వచ్చింది. కానీ 1918లో, మొదటి ప్రపంచయుద్ధం వేడిలో, టెక్సాస్ శాసనసభ ఒక చట్టం చేసింది. బడిలో ఇంగ్లీషు తప్ప ఇంకో భాషలో పాఠం చెప్పిన టీచరు నేరం చేసినట్టే. హైస్కూల్లో విదేశీభాషగా చెప్పుకోవచ్చు, అంతే. చట్టం టీచర్లకే గానీ, బళ్ళు దాన్ని పిల్లల నోటిదాకా లాక్కొచ్చాయి. ఆటస్థలంలో స్పానిష్ మాట్లాడినా శిక్షే. బడయ్యాక గది లోపల కూర్చోబెట్టడం, జరిమానా, దెబ్బలు. ఇవన్నీ కట్టుకథలు కావు, 1972లో ఫెడరల్ పౌరహక్కుల కమిషన్ తన నివేదికలో అచ్చువేసిన విషయాలు.

మన హ్యూస్టన్‌కి పడమరగా ఆరువందల మైళ్ళ దూరాన మార్ఫా అని చిన్న ఊరుంది. అక్కడ మెక్సికన్ పిల్లలకి విడిగా ఒక బడి, పేరు బ్లాక్‌వెల్ స్కూలు. విడిగా పెట్టమని ఏ చట్టమూ చెప్పలేదు, ఊరి ఆనవాయితీ అంతే. 1954లో ఆ బళ్ళో ఒక అంత్యక్రియ జరిగింది. చనిపోయినవారి పేరు 'మిస్టర్ స్పానిష్'. పిల్లల చేత చీటీల మీద రాయించి, చీటీలన్నీ ఒక చిన్న పెట్టెలో వేయించి, జెండాస్తంభం దగ్గర గొయ్యి తీసి పాతిపెట్టించారు. ఇకమీదట స్పానిష్ మాట్లాడం అని దాని అర్థం. అమ్మ అనే మాటా, అన్నం అనే మాటా ఉన్న భాషని ఏడో తరగతి పిల్లల చేత వాళ్ళ చేతుల్తోనే మట్టి కప్పించారన్నమాట.

ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. అదే 1950లలో ఇంగ్లీషు పిల్లలకి చిన్న తరగతుల నుంచే స్పానిషో ఫ్రెంచో నేర్పించాలని దేశమంతా ఒక ఉద్యమం నడిచింది. 1957లో రష్యా వాళ్ళు స్పుత్నిక్ ఎగరేశాక ఆ కంగారు ఇంకా పెరిగి, 1958లో విదేశీభాషల చదువుకి ప్రభుత్వమే డబ్బిచ్చింది. అంటే ఒక బళ్ళో నీలికళ్ళ పిల్ల 'కాసా' అంటే ఇల్లు అని చెబితే చప్పట్లు, ఇంకో బళ్ళో నల్లకళ్ళ పిల్ల అదే మాట అంటే దెబ్బలు. వచ్చిన భాష పనికిరానిదైంది, రాని భాష గొప్పదైంది. మన దగ్గర కాన్వెంటు బడుల్లో తెలుగు మాట్లాడితే మెడలో పలక వేలాడదీయడం విన్నవాళ్ళకి ఇది కొత్తగా ఏమీ ఉండదు.

ఈ రెండు రకాల పిల్లల మధ్యా నిలబడి పనిచేసిన మనిషి హోవీతా గొన్సాలెస్. 1904లో రియో గ్రాండే ఒడ్డున రోమా అనే ఊళ్ళో పుట్టింది. పశువుల కాపర్లు, ముసలమ్మలు చెప్పే కథలు ఊరూరా తిరిగి సేకరించి, 1930 నాటికే టెక్సాస్ జానపద సంఘానికి అధ్యక్షురాలైంది. ఆ రోజుల్లో మెక్సికన్ ఇంటి ఆడపిల్లకి అది మాటలు కాదు. పెళ్ళయ్యాక భర్త ఎడ్ముండో మిరెలెస్‌తో కలిసి కార్పస్ క్రిస్టీలో స్థిరపడింది. అక్కడి చిన్న తరగతులకి స్పానిష్ తెప్పించే పనిలో ఆయన దిగితే, 1940ల మొదట్లో ఇద్దరూ కలిసి ఇంకొకరి సాయంతో 'మీ లీబ్రో ఎస్పాన్యోల్' అనే వాచకాలు రాశారు. నా స్పానిష్ పుస్తకం అని అర్థం. పేరులో 'నా' అన్న మాట నాకు బాగా నచ్చింది. అది పరాయి భాష పాఠమైతే ఆ మాట అక్కర్లేదు కదా.

అయితే కథనే పాఠంగా చేసిన మనిషి కోసం మనం న్యూయార్క్ వెళ్ళాలి. లైబ్రరీ ఉద్యోగిని కాబట్టి ఇక్కడ కాసేపు ఎక్కువసేపు ఆగుతాను, క్షమించాలి.

పురా బెల్ప్రే ప్యుర్తోరికోలో సీద్రా అనే ఊళ్ళో పుట్టింది. 1898లో ఆ ద్వీపం అమెరికా చేతికి వచ్చాక అక్కడి బళ్ళల్లో ఇంగ్లీషు మీద పట్టు బిగిసింది. ఆ బళ్ళల్లోనే చదువుకుంది. 1920లో అక్క పెళ్ళి చూసిపోదామని న్యూయార్క్ వచ్చి ఉండిపోయింది. 1921లో హార్లెమ్‌లో 135వ వీధి లైబ్రరీలో ఉద్యోగం ఇచ్చారు. చుట్టుపక్కలకి స్పానిష్ మాట్లాడే కుటుంబాలు వస్తున్నాయి, వాళ్ళతో మాట్లాడే మనిషి కావాలి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో మొదటి ప్యుర్తోరికో లైబ్రేరియన్ ఆవిడే. పిల్లల అరలన్నీ వెతికితే ప్రపంచంలో ఉన్న కథలన్నీ ఉన్నాయి గానీ తన అమ్మమ్మ చెప్పిన కథ ఒక్కటీ లేదు. 1926లో లైబ్రరీ చదువు చదివేటప్పుడు ఆ కథల్లో ఒకదాన్ని తానే రాసింది. 1932లో 'పెరేస్ అండ్ మార్తీనా' పేరుతో అది పుస్తకంగా వచ్చింది.

కథ చిన్నదే. మార్తీనా అనే బొద్దింక చక్కగా ముస్తాబై వాకిట్లో కూర్చుంటుంది. ఒక్కో జంతువూ వచ్చి పెళ్ళి చేసుకుంటావా అని అడుగుతుంది. ఆవిడ ఎదురు ప్రశ్న వేస్తుంది: నువ్వు ఎలా మాట్లాడతావో వినిపించు అని. కోడిపుంజు 'కికిరికీ' అంటుంది. మన పుంజు కొక్కొరొకో అంటుంది గదా, స్పానిష్ పుంజు కూత అది. అమ్మో భయం, నాకొద్దు అంటుంది మార్తీనా. చివరికి పెరేస్ అనే ఎలుక వచ్చి మెత్తగా మాట్లాడి మెప్పిస్తాడు. పెళ్ళవుతుంది. తర్వాత పెరేస్ పండగ వంట రుచి చూడబోయి గిన్నెలో పడిపోతాడు. అవును, విషాదాంతమే. మన పెద్దవాళ్ళు కూడా పిల్లల కథల్లో చావుని దాచలేదు.

చిన్నపిల్లలకి భాష నేర్పే పద్ధతి ఏదైనా ఉందంటే అదంతా ఈ కథలోనే ఉంది. ఒకే ప్రశ్న, ఒకే వాక్యం, మళ్ళీ మళ్ళీ వస్తాయి. మారేది వచ్చే జంతువు ఒక్కటే. రెండోసారికే పిల్లలు ఊహిస్తారు, మూడోసారికి మీకన్నా ముందే అంటారు. కంఠస్థం చేయమని ఎవరూ చెప్పలేదు. మన ఏడు చేపల కథ సరిగ్గా ఇలాంటిదే. ఎండని చేప దగ్గర మొదలై గడ్డిమేటు, ఆవు, కాపరి, అవ్వ, పసిపిల్లాడు, చీమ దాకా గొలుసుగా వెళుతుంది. ప్రతి మజిలీలోనూ 'ఎందుకు' అన్న ఒక్క మాట చుట్టూ తెలుగు వాక్యం తిరుగుతుంది. మూడేళ్ళ పిల్లకి 'ఎందుకు' అంటే ఏమిటో, 'లేదు' క్రియకి ఎలా అతుక్కుంటుందో ఏ వ్యాకరణమూ ఇంత బాగా చెప్పలేదు. రంగుల పేర్లూ అంకెలూ చీటీల మీద రాసి నేర్పించేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. చీటీలు నామవాచకాలు ఇస్తాయి, కథ క్రియ ఇస్తుంది. క్రియ లేకుండా పిల్ల ఏమీ అడగలేదు, కాదనలేదు.

బెల్ప్రే 1929లో 115వ వీధి శాఖకి మారాక కథలు రెండు భాషల్లోనూ చెప్పేది. తోలుబొమ్మలు కాదు గానీ చేతికి తొడిగే బొమ్మలు తయారుచేసి ఆడించేది. జనవరిలో ముగ్గురు రాజుల పండగని లైబ్రరీలోనే జరిపించేది. పిల్లల వెంట తల్లులు కూడా లోపలికి రావడం మొదలుపెట్టారు. అసలు కిటుకు అది. కథ లైబ్రరీలో విన్న పిల్ల ఇంటికెళ్ళి చెబితే వినేవాళ్ళు ఉన్నారు, తప్పు చెబితే సరిదిద్దే అమ్మమ్మ ఉంది. మధ్యలో పెళ్ళయి, సంగీత విద్వాంసుడైన భర్తతో ఊళ్ళు తిరుగుతూ ఉద్యోగం వదిలింది. ఆయన పోయాక 1960లో తిరిగి వచ్చి 1968లో రిటైరైంది. 1982లో చనిపోయింది. 1996 నుంచి లాటినో రచయితల, చిత్రకారుల పిల్లల పుస్తకాలకి ఆవిడ పేరున బహుమతి ఇస్తున్నారు. మీ ఊరి లైబ్రరీలో అట్టమీద ఆ ముద్ర ఉన్న పుస్తకం కనబడితే కళ్ళు మూసుకుని తెచ్చుకోవచ్చు.

రేడియోలో మాట్లాడుతూ రేడియో సంగతి చెప్పకపోతే బాగుండదు. 1934 అక్టోబరు 15న మెక్సికో నగరంలో ఎక్స్.ఇ.డబ్ల్యు. స్టేషన్ నుంచి ఫ్రాన్సిస్కో గబిలోందో సోలెర్ అనే ఒరిసాబా ఊరి కుర్రాడు పియానో ముందు కూర్చుని పిల్లల పాటలు పాడాడు. కొన్నాళ్ళకి ఆ పాటలు పాడేది మనిషి కాదు, కీచురాయి అన్నట్టుగా తయారైంది. కీచురాయి పేరు క్రీ-క్రీ. 1961 దాకా ఆ కార్యక్రమం నడిచింది. రెండువందలకి పైగా పాటలు. మెక్సికో నుంచి టెక్సాస్‌కి వచ్చిన కుటుంబాలు పెట్టెల్లో బట్టలతో పాటు ఆ పాటలు తెచ్చుకున్నాయి. మన వాళ్ళకి రేడియో అన్నయ్య, అక్కయ్యలు – న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు – ఎలాగో వాళ్ళకి క్రీ-క్రీ అలాగ. బాలానందం విని పెరిగిన తరం ఇప్పుడు నా మాటలు వింటూ ఉంటే తల ఊపుతూనే ఉంటారు.

క్రీ-క్రీ పాటల్లో అచ్చులు ఒక్కొక్కటీ కవాతు చేసే పాట ఒకటుంది. స్పానిష్‌కి అచ్చులు ఐదే. ఆ, ఏ, ఈ, ఓ, ఊ. ఎక్కడ రాసినా దాదాపు అదే పలుకు. ఇంగ్లీషులో లాగ ఒక అక్షరం నాలుగు వేషాలు వేయదు. మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి, మన తెలుగులాగే. అందుకే పాటకి కుదురుతాయి. హల్లుల దగ్గరా మనకో వెసులుబాటు ఉంది. స్పానిష్ 'త' పళ్ళకి తగిలే 'త', ఇంగ్లీషు 'ట' కాదు. 'ప' అన్నప్పుడు ఇంగ్లీషువాళ్ళలా గాలి ఊదక్కర్లేదు. మా అత్తగారు ఆరు నెలలు ఉండిపోదామని వచ్చినప్పుడు మనవరాలితో కలిసి ఊనో, దోస్, త్రేస్ అని వేళ్ళు లెక్కపెట్టేవారు. ఆ పాటల టీచరు విని, ఈ ఇంట్లో స్పానిష్ బాగా పలికేది పెద్దావిడే అని తేల్చేసింది. మా అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంకో చిన్న సంగతి. స్పానిష్‌లో బల్ల ఆడది, పుస్తకం మగది. మాట ముందు 'లా' పెట్టాలో 'ఎల్' పెట్టాలో దాన్నిబట్టే. ఎరుపు కూడా 'రోహో', 'రోహా' అని మారుతుంది. పెద్దవాళ్ళు ఇది వినగానే బల్ల ఆడదెందుకయింది అని వాదనకి దిగుతారు. పాటలో 'లా మేసా' అని కలిపి విన్న పిల్లకి ఆ ప్రశ్నే రాదు. అందుకని మాట ఒక్కటే విడదీసి నేర్పకండి, దాని తోకతో సహా నేర్పండి. పసివాళ్ళకైతే మెక్సికన్ ఇళ్ళల్లో రెండు చేతులూ కలిపి తోర్తియా తట్టినట్టు చప్పట్లు కొట్టించే ఆట ఉంది. జొన్నరొట్టె తట్టడం చూసిన వాళ్ళకి ఆ చేతుల కదలిక నేర్పక్కర్లేదు.

మళ్ళీ టెక్సాస్‌కి వద్దాం. 1957లో, మార్ఫాలో ఆ పెట్టె పాతిన మూడేళ్ళకి, హ్యూస్టన్‌కి నైరుతిగా గనాడో అనే చిన్న ఊళ్ళో ఇసబెల్ వెర్వెర్ అనే 17 ఏళ్ళ అమ్మాయి ఆ వేసవిలో ఒక పిల్లలబడి తెరిచింది. మొదట వచ్చింది ముగ్గురే. డబ్బు పెట్టింది హ్యూస్టన్‌లో మెక్సికన్ రెస్టారెంట్లు నడిపే ఫేలిక్స్ తిహెరీనా. అప్పట్లో ఆయన లులాక్ అనే మెక్సికన్-అమెరికన్ సంఘానికి జాతీయాధ్యక్షుడు. ఇంగ్లీషు రాక ఒకటో తరగతిలోనే ఏళ్ళ తరబడి ఉండిపోయే పిల్లలకి బడికి ముందే 400 ఇంగ్లీషు మాటలు నేర్పించాలన్నది ఆయన పట్టుదల. దానికి 'నాలుగువందల చిన్నబడి' అని పేరే పడింది. 1959లో శాసనసభ ఆ పనికి ప్రభుత్వ నిధులు ఇచ్చింది. పాటలు, ఆటలు, బొమ్మలు, అన్నీ వాడారు. పిల్లలు బాగుపడ్డారు కూడా. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే 1991లో మా ఇంట్లో మేం చేసింది అంతకన్నా మొరటు పని. ఆయన పిల్లలకి 400 మాటలు కలిపాడు. మేం మా వాడి దగ్గర ఉన్నవి తీసేశాం.

ఉన్న మాటలు తీయకుండా కొత్తవి కలపవచ్చని ఒక ప్రభుత్వ బడి చేసి చూపించింది 1963లో, మయామీలో. కాస్త్రో వచ్చాక క్యూబా నుంచి వేలాది కుటుంబాలు అక్కడికి చేరాయి. వాళ్ళల్లో టీచర్లూ ఉన్నారు. కోరల్ వే ప్రాథమిక పాఠశాలలో ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో సగం రోజు ఇంగ్లీషు, సగం రోజు స్పానిష్ మొదలుపెట్టారు. క్యూబా పిల్లలూ, ఇంగ్లీషు పిల్లలూ ఒకే బళ్ళో, ఒకరి భాష ఒకరు. మన పిల్లలు ఈనాడు వెళుతున్న డ్యుయల్ లాంగ్వేజ్ తరగతులకి మూలం అది. ఇంగ్లీషు పిల్లలకి ఆ ఆటస్థలంలో దొరికింది ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. బంతి కావాలంటే స్పానిష్‌లో అడగాలి.

తర్వాత చట్టాలు కదిలాయి. 1968 జనవరి 2న లిండన్ జాన్సన్ ద్విభాషా విద్యాచట్టం మీద సంతకం చేశాడు. తెచ్చింది టెక్సాస్ సెనేటర్ రాల్ఫ్ యార్‌బరో. జాన్సన్ 1928లో కొటుల్లా అనే ఊళ్ళో మెక్సికన్ పిల్లలకి టీచరుగా పనిచేశాడు. ఆ పిల్లల్ని ప్రేమించాడు, ఆటలకి సామాను కొనిపెట్టాడు, ఆవరణలో స్పానిష్ మాట్లాడితే శిక్షించాడు కూడా. మూడూ నిజమే. 1969లో టెక్సాస్ తన పాత నిషేధాన్ని తొలగించింది, 1973లో ద్విభాషా బోధనను తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది.

ఆ కేంద్ర చట్టం డబ్బుతోనే 1970లో ఆస్టిన్ నుంచి కే.ఎల్.ఆర్.ఎన్. టీవీలో 'కరాస్కొలెందాస్' మొదలైంది. తయారుచేసింది ఐదా బరేరా, రియో గ్రాండే లోయలో పెరిగిన మనిషి. కార్యక్రమంలో అగపీతో అనే సింహం ఉండేది. రెండు భాషలూ మాట్లాడేది, రెండింట్లోనూ పొరపాట్లు చేసేది, పాటలు పాడేది. పేరు ఎక్కడిదంటే, రియో గ్రాండే సిటీ ఉన్న చోటికి పూర్వం కార్నెస్తొలెందాస్ అని పేరు. పండగ రోజులు అని అర్థం వచ్చే పాత మాట. జనం నోట్లో నలిగి అలా మారింది. ప్రభుత్వ టీవీలో పిల్లల కార్యక్రమానికి, ఊరు మరచిపోయిన తన పాతపేరు, అదీ జనం పలికినట్టుగా పెట్టుకుందావిడ. దేశమంతా ప్రసారమై 1970ల చివరి దాకా నడిచింది.

మీకు బాగా తెలిసినవి ఆ తర్వాతవి. సెసమీ స్ట్రీట్ 1969లో మొదలైనప్పుడు అందులో స్పానిష్ మాట్లాడే ఇల్లు లేదు. లాటినోలు గట్టిగా అడిగాక 1971లో లూయిస్, మరియా పాత్రలు వచ్చాయి. 2000లో డోరా వచ్చింది. డోరా అంటే నాకు కోపం లేదు. కానీ డోరా ఒక మాట అడిగి పిల్ల జవాబు కోసం తెరమీద కళ్ళార్పుతూ ఆగుతుంది చూడండి, అక్కడ నాకు దిగులేస్తుంది. పిల్ల సరిగ్గా చెప్పినా, తప్పు చెప్పినా, అసలు గదిలోనే లేకపోయినా డోరా బాగా చెప్పావనే అంటుంది. బెల్ప్రే బొమ్మకి అలా చేతకాదు. పిల్ల నోరు తెరిచేదాకా మార్తీనా నిజంగా ఆగుతుంది. అందుకని టీవీ ముందు కూర్చోబెట్టినా మీరూ పక్కన కూర్చోండి, మీకు స్పానిష్ రాకపోయినా సరే. ఈ కాలపు పాటలు కావాలంటే హొసే-లూయిస్ ఒరోస్కో 1994లో తెచ్చిన 'దే కొలోరెస్' పుస్తకం లైబ్రరీల్లో దొరుకుతుంది. ఆయన చిన్నప్పుడు మెక్సికోలో బాలల గాయకబృందంలో పాడినవాడు.

మార్ఫా సంగతి సగంలో వదిలేశాను. ఆ బడి 1965లో మూతపడింది. 2007లో అప్పటి విద్యార్థులు, తలలు నెరిసినవాళ్ళు, మళ్ళీ కలుసుకున్నారు. భూమిలోంచి ఒక స్పానిష్ నిఘంటువుని పైకి తీసి, పాతిపెట్టిన మాటలు వెనక్కి తెచ్చుకున్నట్టుగా వేడుక చేసుకున్నారు. ఆ బడిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించే చట్టం 2022 అక్టోబరులో వచ్చింది, 2024 జూలైలో అది నేషనల్ పార్క్ సర్వీసు చేతికి వచ్చింది. బిగ్ బెండ్ చూడటానికి వెళ్ళే మన కుటుంబాలు దారిలో అక్కడ ఒక గంట ఆగవచ్చు. మట్టిగోడల చిన్న బడి.

మా వాడికి ఇప్పుడు నలభై దగ్గర పడుతోంది. వాడి కూతురు నాలుగేళ్ళది, సగం రోజు స్పానిష్‌లో చెప్పే బడికి వెళుతోంది. మొన్న రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. బళ్ళో బొద్దింక మార్తీనా కథ చెప్పారట, ఇంటికొచ్చి నీ కథ చెప్పు నాన్నా అందట. వాడికి గుర్తున్నది ఒక్కటే, కిండర్‌గార్టెన్‌కి ముందు నేను చెప్పిన చేపల కథ. అదీ సగమే. "అమ్మా, చేప ఎండలేదు. తర్వాత ఏం అడ్డొచ్చింది?" అన్నాడు, విరిగిన తెలుగులో.

"గడ్డిమేటు" అన్నాను.

"మేటు అంటే?"

గడ్డిని కుప్పగా వేస్తే మేటు, వామి అంటే ఇంకా పెద్దది అని చెప్పాను. వాడు ఇంగ్లీషులో కూతురికి చెప్పాడు. తర్వాత ఎవరొస్తారు అని అడిగాడు. ఆవు అన్నాను. వాడు నా మాటే తిరిగి అన్నాడు, "ఆవు." ఫోన్లో వెనక నుంచి చిన్న గొంతు వినబడింది.

"వాకా?"

"అవును," అన్నాడు మా వాడు. "వాకా. ఆవు."